ముడుచుకున్న ఆకు మూడు వారాల పాత కబురు

భీమడోలుకు దక్షిణాన వరి మళ్లు, చేపల చెరువులు, ఆపైన కొల్లేరు. ఉత్తరాన ద్వారకా తిరుమల మెట్ట. నీరు నిలిస్తే ఓర్చుకోలేని టమాటాకు ఆ మెట్టే అనువు. అక్కడ చేలోనైనా, ఊళ్లో పెరట్లోనైనా ఒకటే ఫిర్యాదు: ఆకులు పైకి ముడుచుకుని, మొక్క గిడసబారి, పూత నిలవడం లేదని.

ఇది ఆకుముడత వైరస్. మోసుకొచ్చేది తెల్లదోమ. పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. ఆకు అడుగున కూర్చుని రసం పీలుస్తుంది. జబ్బు మొక్క మీద అరగంట పీలిస్తే చాలు, వైరస్ దాని ఒంట్లో చేరుతుంది. ఒక రోజు గడిచేసరికి అంటించే స్థితికి వస్తుంది. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ అంటిస్తూనే ఉంటుంది.

మందు కొడితే పోదా? దోమ పోవచ్చు, వైరస్ పోదు. మొక్కలో చేరిన వైరస్‌కు మందు లేదు. పైగా దోమ కుట్టిన రెండు మూడు వారాలకు గాని ముడత కనిపించదు. అంటే ఈరోజు ముడత చూసి పిచికారీ చేసేవాడు, మూడు వారాల కిందటి సంగతికి మందు వేస్తున్నాడు. మందుల కొట్టువాళ్లకు ఈ మాట నచ్చకపోవచ్చు.

దోమలు ఎంత వేగంగా పెరుగుతాయో కాగితం మీద చూద్దాం. ఒక ఆడదోమ 100 గుడ్లు పెట్టి, వాటిలో పదో వంతే బతికిందనుకోండి. పది దోమలతో మొదలై, ప్రతి తరంలో సగం ఆడవైతే మూడు వారాలకు 50, ఆరు వారాలకు 250, తొమ్మిదికి 1,250. వేడి రోజుల్లో ఒక తరానికి సుమారు మూడు వారాలే. ఒకే రకం మందు పదేపదే కొడితే తట్టుకున్నవే మిగులుతాయి, దోమల్ని తినే మిత్రపురుగులూ చస్తాయి.

అందుకే అసలు కాపలా నారుమడి దగ్గరే. నారు పెరిగే 25-30 రోజులూ 40-50 మెష్ వల కప్పాలి. మెష్ అంటే అంగుళానికి ఎన్ని కన్నాలో ఆ లెక్క. ఇంట్లో దోమతెర సరిపోదా? దాని కన్నం మిల్లీమీటరు దాటుతుంది, తెల్లదోమ తేలిగ్గా దూరిపోతుంది. 40 మెష్‌లో దారంతో కలిపినా కన్నానికి 0.6 మిల్లీమీటర్లే. వల అంచులు మట్టిలో కప్పాలి, నీళ్లు పోసేటప్పుడు తప్ప తెరవకూడదు.

నాటాక మొదటి నెల గండం. లేత మొక్కకు సోకితే కాపు దాదాపు ఉండదు, కాయలు పట్టాక సోకితే నష్టం తక్కువ. ఎకరానికి 10-20 పసుపు జిగురు అట్టలు కడితే దోమ వచ్చిందని ముందే తెలుస్తుంది. అట్టలే దోమను అంతం చేస్తాయనుకోవద్దు. చేను చుట్టూ ముందుగానే రెండు మూడు వరుసల జొన్న గాని మొక్కజొన్న గాని వేయాలి. గట్ల మీద తుత్తురబెండ పీకేయాలి. జంగారెడ్డిగూడెం వైపు పొగాకు పక్కన టమాటా వేసేవాళ్లు మరింత జాగ్రత్తపడాలి, తెల్లదోమకు పొగాకు కూడా ఇష్టమే.

జబ్బు మొక్క పీకడానికి చేయి రాదు కదా? మొక్కకు మొక్కకు 45, సాలుకు సాలుకు 60 సెంటీమీటర్ల దూరంతో ఎకరానికి సుమారు 15,000 మొక్కలు పడతాయి. వంద పీకితే 150కి ఒకటి. మొక్కకు రెండు కిలోల లెక్కన 200 కిలోలు, 25 కిలోల క్రేట్లు ఎనిమిది. ఉంచితే చేనంతటికీ జబ్బుకు విత్తనం అవే. దోమలు మందకొడిగా ఉండే తెల్లవారుజామున కవర్లో మూసి పీకి, పాతిపెట్టండి.

విత్తనం కొనేటప్పుడు ఆకుముడతను తట్టుకునే రకం అడగండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క రక్షక్ అలాంటిది. పండు మీద వలయాలు, చిగురు మాడటం కనిపిస్తే మాత్రం అది తామరపురుగు తెచ్చే వేరే వైరస్. తేల్చుకోలేకపోతే మొక్కను కవర్లో మూసి తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లండి.