మూలగడి నేర్పిన లెక్క

చదరంగంలో బంటు విలువ ఒకటి, గుర్రానికీ శకటుకూ మూడేసి, ఏనుగుకు అయిదు, మంత్రికి తొమ్మిది. ఇంజనీర్లమైన మాకు ఈ లెక్క ప్రీతిపాత్రం. కూడికలో గెలిచి కూడా ఆట గెలవలేకపోవచ్చునని కొన్నేళ్ల క్రితం జరిగిన విభాగాల పోటీలో మాకు తెలిసివచ్చింది.

జట్టుకు నలుగురు. మూడు బోర్డులు ముగిసేసరికి ఇరుజట్లూ ఒకటిన్నర పాయింట్లతో సమానంగా ఉన్నాయి. షీల్డు పూర్తిగా మాకే దక్కాలంటే నాలుగో బోర్డులో గెలుపు తప్పనిసరి. అక్కడ తెల్లపావులతో ఆడుతున్నది ఆ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మా సహోద్యోగి. ఎదుట కూర్చున్నది ఉద్యోగంలో కొత్తగా చేరిన యువకుడు. చూసేవారు నోరు విప్పరాదన్నది నియమం కనుక మేము చేతులు కట్టుకుని నిలబడ్డాము.

మా మిత్రుని వద్ద రాజు, తెల్లగడులలో నడిచే శకటు, రెండు బంట్లు ఉన్నాయి. బంట్లలో ఒకటి కుడి అంచు వరుసలోది. యువకునికి రాజు, గుర్రం మాత్రమే మిగిలాయి. మా మిత్రుడు లోపలి బంటును ముందుకు జరిపారు. దానికి శకటు కాపలా ఉంది. అయినా యువకుడు గుర్రంతో ఆ బంటును కొట్టాడు. శకటు గుర్రాన్ని కొట్టింది. షీల్డు మనదేనని మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

నల్లరాజు నింపాదిగా మూలకు చేరాడు. అంచుబంటు మంత్రిగా మారవలసిన ఆ గడి నల్లనిది. తెల్లగడుల శకటు దానిని ఎన్నటికీ తాకలేదు. పక్కగడులన్నీ మూసివేస్తే, చెక్ లేకుండానే రాజుకు కదలిక ఆగి ఆట డ్రా అవుతుంది. మా మిత్రుడు మరికొన్ని ఎత్తులు ప్రయత్నించి, చేయి చాచారు.

"ఈ మూల సంగతి ముందే తెలుసా బాబూ?"

"మా నాన్నగారు చూపించారండీ."

1971లో వాంకూవర్‌లో ఫిషర్‌తో రెండో ఆటలో సోవియట్ గ్రాండ్‌మాస్టర్ తైమనోవ్‌కు ఇటువంటి అవకాశమే వచ్చింది. గుర్రాన్ని వదులుకుని ఉంటే డ్రా అయ్యేది. అది ఆయన దృష్టికి రాలేదు. ఆ ఆటను, చివరకు పోటీని 6–0తో ఫిషర్ గెలిచాడు. అంతటివాడు జారవిడిచిన ఎత్తును మా యువకుడు పట్టుకున్నాడు.

షీల్డును రెండు జట్లూ ఆరేసి నెలలు పంచుకున్నాయి. క్రేను సామర్థ్యం ఎంతైనా, కొక్కెం చేరని చోట బరువు లేవదు. బలం ఎంత ఉన్నదో లెక్కించిన మేము, అది ఏ గడికి చేరదో చూడలేదు.