ఆ మూడు రోజులూ ఆటకు సెలవేనా?

“అమ్మా, ఈ రోజు గ్రౌండుకు వెళ్లనా, మానేయనా?” ఉదయం ఆరింటికి బూట్లు చేత్తో పట్టుకొని అడుగుతుంది తొమ్మిదో తరగతి అమ్మాయి. తల్లికి ఏం చెప్పాలో తోచదు. వెళ్లమంటే కడుపునొప్పి ఎక్కువవుతుందేమోనని భయం. వద్దంటే వచ్చే వారమే వాలీబాల్‌ పోటీలు. ఈలోగా “గెంతులేస్తే గర్భసంచి జారుతుంది, ఇంట్లో పడుకోమను” అంటూ లోపలి నుంచి నాయనమ్మ కేక. అమ్మాయి బూట్లు పక్కన పెట్టేస్తుంది.

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. పార్కులో నడిచే గృహిణి, ఆఫీసు అయ్యాక జిమ్‌కు వెళ్లే ఉద్యోగిని, కొత్తగా యోగాలో చేరిన నలభై ఏళ్ల మహిళ.. అందరికీ నెలకోసారి ఎదురయ్యే ప్రశ్నే. నెలసరి రోజుల్లో వ్యాయామం చేయొచ్చా? చేస్తే ఎంత? ఎప్పుడు ఆపాలి?

సూటిగా చెప్పుకోవాలంటే, ఆరోగ్యంగా ఉన్నవారు నెలసరిలో వ్యాయామం మానాల్సిన అవసరం లేదు. తేలికపాటి కదలికలతో చాలామందికి ఉపశమనమే కలుగుతుంది. అలాగని నొప్పితో మెలికలు తిరుగుతూ పరుగెత్తాల్సిన పనీ లేదు. ఈ రెండింటి మధ్య తమకు నప్పేదేదో తెలుసుకోవటమే ముఖ్యం.

నొప్పి ఎందుకు?

ప్రతి నెలా గర్భం కోసం గర్భాశయం లోపలి పొర మందంగా తయారవుతుంది. గర్భం రాకపోతే ఈస్ట్రోజెన్‌, ప్రొజెస్టెరాన్‌ హార్మోన్లు పడిపోతాయి. దీంతో ఆ పొర విడిపోయి రక్తంతో పాటు బయటకు వస్తుంది. ఈ క్రమంలో ప్రొస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. ఇవి గర్భాశయ కండరాన్ని గట్టిగా బిగుసుకునేలా చేస్తాయి. కండరం బిగిసినప్పుడు దానికి రక్తం అందటం తగ్గుతుంది. పొత్తికడుపు పట్టేసినట్టు ఉండటానికి, నడుము లాగటానికి మూలం ఇదే. కొందరికి వికారం, విరేచనాలు, తలనొప్పి కూడా తోడవుతాయి.

సాధారణంగా ఈ బాధ తొలి ఒకట్రెండు రోజులే ఎక్కువ. మూడో రోజుకు చాలామంది తేరుకుంటారు. కాబట్టి వ్యాయామాన్నీ అలాగే రోజును బట్టి సర్దుకోవచ్చు.

కదిలితే ఏం మేలు?

నడిచినప్పుడు, ఒళ్లు వంచినప్పుడు రక్త ప్రసరణ పుంజుకుంటుంది. మెదడులో ఎండార్ఫిన్లు విడుదలవుతాయి. ఇవి శరీరం తనకు తాను తయారుచేసుకునే నొప్పి మందుల్లాంటివి. మనసునూ కాస్త తేలికపరుస్తాయి.

నెలసరి నొప్పి మీద వ్యాయామ ప్రభావాన్ని చూసిన అధ్యయనాలను కాక్రేన్‌ సంస్థ 2019లో సమీక్షించింది. వారానికి కనీసం మూడు సార్లు, ఒక్కోసారి 45 నుంచి 60 నిమిషాల పాటు వ్యాయామం చేసినవారిలో నొప్పి తీవ్రత 100కు సుమారు 25 పాయింట్ల మేరకు తగ్గినట్టు తేలింది. వ్యాయామం తేలికైనదా, కఠినమైనదా అనేదానితో నిమిత్తం లేకుండానే ఈ ఫలితం కనిపించింది. అయితే ఈ ఆధారాలు అంత బలమైనవి కావని సమీక్షకులే చెప్పారన్న సంగతీ మరవొద్దు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఇది నెల పొడవునా క్రమం తప్పకుండా చేసేవారి సంగతి. ఇరవై ఏడు రోజులు సోఫాలో కూర్చొని, నొప్పి వచ్చిన రోజు మాత్రం గంటసేపు పరుగెత్తితే తగ్గేది కాదు.

గర్భసంచి జారుతుందా?

జారదు. గర్భాశయాన్ని బలమైన కండరాలు, తంతువులు పట్టి ఉంచుతాయి. నెలసరిలో ఇవేమీ వదులైపోవు. గర్భాశయం జారటానికి కాన్పులు, వయసుతో వచ్చే కండరాల బలహీనత, ఏళ్ల తరబడి వేధించే దగ్గు, మలబద్ధకం, ఊబకాయం వంటివి కారణమవుతుంటాయి. ఆటలాడే పిల్లకు ఆ భయం అక్కర్లేదు. వ్యాయామంతో రక్తస్రావం ‘ఆగిపోయి లోపలే ఉండిపోవటం’, పిల్లలు పుట్టకపోవటం వంటి మాటల్లోనూ నిజం లేదు. కదిలినప్పుడు లోపల నిలిచిన రక్తం ఒక్కసారిగా బయటకు రావొచ్చు. దాన్ని చూసి రక్తస్రావం పెరిగిందని కంగారు పడుతుంటారు.

అలాగని పెద్దల మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. బావి నీళ్లు తోడి, పిండి రుబ్బి, పొలం పనులు చేసిన తరానికి ఆ మూడు రోజులు పక్కన కూర్చోవటమే దక్కిన విశ్రాంతి. ఇప్పుడు రోజంతా కుర్చీలో కూర్చునే వారికి కావాల్సింది ఇంకాస్త కూర్చోవటం కాదు. అంతే తేడా.

ఏ రోజు ఏం చేయొచ్చు?

* మొదటి రోజు, రెండో రోజు: పక్కవారితో మాట్లాడుతూ నడవగలిగే వేగంతో 15-20 నిమిషాల నడక చాలు. అపార్ట్‌మెంట్‌ ఆవరణలోనో, డాబా మీదో తిరిగినా ఫరవాలేదు. బాలాసనం, మార్జాలాసనం, వెల్లకిలా పడుకొని పాదాలు కలిపి మోకాళ్లను పక్కలకు వాల్చే సుప్త బద్ధకోణాసనం నడుముకు హాయినిస్తాయి. ఒక్కో భంగిమలో అర నిమిషం నుంచి నిమిషం ఉంటూ నెమ్మదిగా శ్వాస తీసుకోవాలి.

* మూడో రోజు నుంచి: నొప్పి, రక్తస్రావం తగ్గుతుంటే మామూలు వ్యాయామానికి మళ్లొచ్చు. బరువులు ఎత్తేవారు నీరసంగా ఉంటే కాస్త తక్కువ బరువుతో మొదలుపెట్టాలి.

* శీర్షాసనం, సర్వాంగాసనం: వీటితో హాని జరుగుతుందనటానికి వైద్యపరంగా గట్టి ఆధారాలేమీ లేవు. కానీ ఈ రోజుల్లో తలకిందుల ఆసనాలు వద్దని చాలామంది యోగా గురువులు చెబుతుంటారు. ఇబ్బందిగా అనిపిస్తే నాలుగు రోజులు ఆపితే పోయేదేమీ లేదు.

* ఈత: ప్యాడ్‌తో కుదరదు. అది నీళ్లు పీల్చుకొని పనికి రాకుండా పోతుంది. మెన్‌స్ట్రువల్‌ కప్పు గానీ టాంపూన్‌ గానీ వాడాలి.

చేయాలా, వద్దా అని తేల్చుకోలేకపోతే ఒక చిన్న ఉపాయం. పది నిమిషాలు నెమ్మదిగా మొదలుపెట్టి చూడండి. ఒళ్లు తేలికపడితే కొనసాగించండి. నొప్పి పెరిగినా, తల తిరుగుతున్నట్టు అనిపించినా ఆపేయండి. విశ్రాంతి తీసుకున్నంత మాత్రాన ఓడిపోయినట్టు కాదు.

బట్టలు, ప్యాడ్ల విషయంలో..

చాలామంది ఆట మానేది నొప్పికి కాదు, మరక పడుతుందన్న భయానికి. ముందుగా సిద్ధపడితే ఇది చాలావరకు పోతుంది. వ్యాయామానికి బయల్దేరే ముందు కొత్త ప్యాడ్‌ మార్చుకోవాలి. రెక్కలున్నదైతే పక్కకు జరగదు. రక్తస్రావం తక్కువగా ఉన్నా 4-6 గంటలకోసారి మార్చుకోవాలి. ఒంటికి పట్టి ఉండే నూలు లోదుస్తులు, వాటి మీద ముదురు రంగు ట్రాక్‌ ప్యాంటు ధరిస్తే నిశ్చింతగా ఉండొచ్చు. తొడలు ఒరుసుకుపోయి మంట పుట్టేవారు ముందే కాస్త పెట్రోలియం జెల్లీ రాసుకోవచ్చు. రొమ్ములు సలుపుతుంటే బిగువైన స్పోర్ట్స్‌ బ్రా వాడితే ఊరట లభిస్తుంది. చెమటతో తడిసిన బట్టలను వెంటనే మార్చుకోవాలి. లేకపోతే దురద, దద్దు వస్తాయి.

కప్పును గరిష్ఠంగా 12 గంటల వరకూ ఉంచుకోవచ్చు. పెట్టుకోవటం, తీయటం ఇంట్లో ఉన్న రోజునే అలవాటు చేసుకోవాలి. టాంపూన్‌ను 8 గంటలకు మించి ఉంచకూడదు. వీటిని వాడుతున్నప్పుడు ఒక్కసారిగా తీవ్ర జ్వరం, ఒంటి మీద దద్దు, కళ్లు తిరగటం వంటివి మొదలైతే వెంటనే తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి.

తల్లిదండ్రులు మరో విషయమూ చూడాలి. బడిలో మైదానానికి దగ్గర్లో మరుగుదొడ్డి ఉందా? అందులో నీళ్లు, తలుపుకు గడియ, ప్యాడ్‌ పడేయటానికి డబ్బా ఉన్నాయా? పేరెంట్స్‌ మీటింగులో మార్కులతో పాటు దీన్నీ అడగాలి. ప్యాడ్‌ మార్చుకునే చోటు లేకే ఎంతోమంది ఆడపిల్లలు ఆటకు దూరమవుతున్నారు.

ఖాళీ కడుపుతో వద్దు

వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు అరటిపండో, చిన్న గ్లాసు రాగిజావో తీసుకుంటే నీరసం రాదు. దాహం వేసే వరకూ ఆగకుండా నీళ్లు, మజ్జిగ తాగాలి. వేడినీళ్ల సంచిని తువ్వాలులో చుట్టి పొత్తికడుపు మీద 15 నిమిషాలు పెట్టుకుంటే కండరాలు వదులవుతాయి. ఆ తర్వాత నడక తేలికవుతుంది.

నొప్పి మాత్రలను ఖాళీ కడుపుతో మింగకూడదు. జీర్ణాశయ పుండ్లు, కిడ్నీ జబ్బు, ఆస్థమా ఉన్నవారు డాక్టర్‌ సలహా లేకుండా అసలే వేసుకోవద్దు. మాత్ర వేసుకుంటే తప్ప కదల్లేని స్థితి ఉంటే ఆ రోజు వ్యాయామాన్ని పక్కన పెట్టటమే మంచిది.

ఆయాసమా? రక్తం పరీక్ష చేయించారా?

“మా అమ్మాయికి ఆటంటే బద్ధకం” అని అనుకునే ముందు హిమోగ్లోబిన్‌ ఎంతుందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మనదేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో ఇది 59 శాతం. అంటే సగం మందికి పైగా రక్తం తక్కువతోనే బడికి, ఆఫీసుకు వెళ్తున్నారు. ఇలాంటివారికి నెలసరి రోజుల్లో మెట్లెక్కినా ఆయాసం, గుండెదడ వస్తాయి.

గర్భిణులు కాని స్త్రీలకు హిమోగ్లోబిన్‌ 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. తోటకూర, మునగాకు, రాగులు, నువ్వులు, పప్పులు, మాంసం, కాలేయం ఇనుమునిస్తాయి. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండుకుంటే, భోజనంతో పాటు జామకాయ తింటే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తినగానే టీ, కాఫీ తాగితే మాత్రం ఆ మేలు తగ్గుతుంది. కనీసం గంట ఆగాలి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఐరన్‌ మాత్రను పిల్లలు పారేయకుండా చూడాలి. హిమోగ్లోబిన్‌ బాగా తగ్గితే తిండి ఒక్కటే సరిపోదు, మందులు వాడాల్సిందే.

మైదానంలో మాట పెగిలింది

పెద్ద పెద్ద క్రీడాకారిణులూ ఒకప్పుడు ఈ విషయం ఎత్తేవారు కాదు. 2016 రియో ఒలింపిక్స్‌లో రిలే ఈత పోటీ ముగిశాక చైనా క్రీడాకారిణి ఫు యువాన్‌హుయ్‌ తనకు ముందు రోజే నెలసరి మొదలైందని టీవీ కెమెరా ముందే చెప్పటం అందరినీ ఆశ్చర్యపరచింది. 2024 పారిస్‌ ఒలింపిక్స్‌లో మన మీరాబాయి చాను 199 కిలోలు ఎత్తి, ఒక్క కిలో తేడాతో కాంస్యం కోల్పోయింది. అది తనకు నెలసరి మూడో రోజని, కాస్త బలహీనంగా అనిపించిందని ఆ తర్వాత చెప్పింది. తెల్ల దుస్తుల నియమానికి పేరుపడిన వింబుల్డన్‌ కూడా 2023 నుంచి మహిళలు స్కర్టు కింద ముదురు రంగు షార్ట్స్‌ వేసుకోవటానికి అనుమతించింది.

నెలసరి తొలి రోజుల్లో సామర్థ్యం తగ్గుతుందా? అధ్యయనాలను కలిపి చూస్తే సగటున తేడా చాలా స్వల్పమే. కానీ అది మనిషికీ మనిషికీ మారుతుంది. అందుకే నెలసరి తేదీ, నొప్పి, నీరసం, ఆ రోజు చేసిన వ్యాయామం ఒక చిన్న పుస్తకంలో రాసుకోవాలి. మూడు నాలుగు నెలల్లో ఎవరి తీరు ఏంటో వారికే అర్థమవుతుంది.

‘ఆడవాళ్లకు మామూలే’ అనొద్దు

నెలసరి నొప్పి మామూలే. కానీ బడి మాన్పించేంత నొప్పి మామూలు కాదు. ఈ లక్షణాలుంటే వ్యాయామం సంగతి తర్వాత, ముందు గైనకాలజిస్టును కలవాలి.

* ప్యాడ్‌ గంటకే తడిసిపోవటం, ఇలా వరుసగా రెండు గంటలకు మించి సాగటం
* ఏడు రోజులు దాటినా రక్తస్రావం ఆగకపోవటం, రూపాయి బిళ్ల కన్నా పెద్ద గడ్డలు పడటం
* మాత్రలకూ లొంగని నొప్పి, ఏటికేడు పెరిగే నొప్పి
* నెలసరి లేని రోజుల్లోనూ పొత్తికడుపు నొప్పి, మల విసర్జన సమయంలో లేదా శృంగారంలో నొప్పి
* కళ్లు తిరిగి పడిపోవటం, కూర్చున్నా ఆయాసం
* వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోవటం

తీవ్రమైన నొప్పి వెనక ఎండోమెట్రియోసిస్‌ ఉండొచ్చు. సంతాన వయసులో ఉన్నవారిలో సుమారు 10 శాతం మంది దీంతో బాధపడుతున్నారు. అధిక రక్తస్రావానికి ఫైబ్రాయిడ్లు, థైరాయిడ్‌ సమస్య వంటివి కారణం కావొచ్చు. వీటికి చికిత్స ఉంది. చివరి లక్షణాన్ని ఆటల్లో ఉన్న పిల్లలు ప్రత్యేకంగా గమనించాలి. సాధన పెంచి, తిండి తగ్గిస్తే నెలసరి ఆగిపోవచ్చు. ‘హమ్మయ్య, గొడవ వదిలింది’ అని సంబరపడితే ఎముకలు గుల్లబారే ముప్పుంది.

ఇంట్లో నుంచే మొదలు

నెలకు మూడు రోజులు ఆట మానిన అమ్మాయి కొన్నాళ్లకు జట్టులో చోటు కోల్పోతుంది. ఆ తర్వాత ఆటే మానేస్తుంది. నడక మానిన తల్లిదీ ఇదే కథ. ఆ రోజులు అయిపోయినా మళ్లీ పార్కు వైపు కాలు కదలదు. అందుకే వెళ్లాలా, మానాలా అనేది ఒంట్లో ఎలా ఉందో చూసి అమ్మాయే తేల్చుకోవాలి. భయం, సిగ్గు తేల్చకూడదు. ఈ మాట ఇంట్లో తండ్రి, అన్నదమ్ముల ముందు కూడా గుసగుసగా కాకుండా మామూలుగా మాట్లాడుకోవాలి. మందుల షాపు నుంచి ప్యాడ్లు తెచ్చే నాన్న ఉన్న ఇంట్లో అమ్మాయి నొప్పిని దాచుకోదు.

కాబట్టి ఈసారి అమ్మాయి బూట్లు చేత్తో పట్టుకొని అడిగితే “వెళ్లు” అనో, “వద్దు” అనో వెంటనే చెప్పకండి. “ఎలా ఉంది నీకు?” అని అడగండి. బాగానే ఉందంటే సంచిలో రెండు ప్యాడ్లు, నీళ్ల సీసా, అరటిపండు పెట్టి పంపండి. బాగా లేదంటే దుప్పటి కప్పండి. నాయనమ్మకు ఏం చెప్పాలో మీకిప్పుడు తెలుసు కదా!