గర్భిణికి మాలిష్: ఎప్పుడు, ఎలా, ఎంతవరకు

గర్భిణికి చేసే మాలిష్ ముఖ్యంగా ఉపశమనం కోసం. నెలలు పెరిగేకొద్దీ నడుము, తుంటి, భుజాలు, పాదాల మీద పడే భారాన్ని అది కొంత మరిపిస్తుంది, నిద్ర పట్టనిస్తుంది. బిడ్డను తిప్పడం, జారిన కడుపును పైకెత్తడం దాని పని కాదు. హైదరాబాద్ పాతబస్తీలో చాలాకాలం పురుడూ, మాలిషూ ఒకే మనిషి చేతుల మీదుగా జరిగాయి. పురుడు పోసే దాయీయే నెలలు నిండుతున్న పిల్లకు నడుముకు నూనె రాసేది, పురుడయ్యాక నలభై రోజుల చిల్లా ముగిసేదాకా తల్లికీ బిడ్డకూ మర్దన చేసేది. తెలుగిళ్లలో మంత్రసాని కూడా అంతే. ఇప్పుడు తెలంగాణలో 100 కాన్పుల్లో 97 ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దాయీ చేతి నుంచి పురుడు పోయింది, మాలిష్ మిగిలింది. అందుకే ఏది చేయించుకోవచ్చో, ఏది కూడదో గర్భిణికీ, ఇంట్లో పెద్దలకూ తెలిసి ఉండాలి.

యునానీలో మర్దన

పాతబస్తీలో మర్దనకు శాస్త్రం తోడు కూడా ఉంది. చార్మినార్ దగ్గరి నిజామియా ఆసుపత్రి యునానీ వైద్యానికి పేరుమోసింది. మందుతో కాకుండా స్నానం, వ్యాయామం, మర్దన వంటి పద్ధతులతో చేసే చికిత్సను యునానీలో ఇలాజ్ బిత్ తద్బీర్ అంటారు, అందులో మర్దనకు దల్క్ అని పేరు. వెయ్యేళ్ల కిందటి ఇబ్న్ సీనా వైద్యగ్రంథం 'అల్ ఖానూన్'లోనే దల్క్‌ను రకాలుగా విడదీశారు. గట్టి మర్దన ఒంటిని బిగిస్తుందని, మెత్తని మర్దన సడలిస్తుందని, ఎక్కువసేపు చేస్తే మనిషి చిక్కిపోతాడని, మితంగా చేస్తే ఒళ్లు పుష్టి పడుతుందని అందులోని లెక్క. నేటి వైద్యం గర్భిణికి చెప్పేదీ మెత్తగా, మితంగా అనే.

ఒళ్లెందుకు నొస్తుంది

గర్భంతో ఉన్నప్పుడు సాధారణంగా 10 నుంచి 12 కిలోల బరువు పెరుగుతుంది. అందులో చాలా భాగం ముందుకే చేరడంతో నడుము లోపలికి వంగి, వెన్ను కండరాలు రోజంతా బిగిసే ఉంటాయి. రిలాక్సిన్ వంటి హార్మోన్ల వల్ల కటి ఎముకలను పట్టి ఉంచే బంధనాలు వదులవుతాయి. 'నడుం పీకుతోంది' అని గర్భిణులు చెప్పేది ఈ రెండింటి ఫలితమే. మర్దనతో ఆ కండరాల బిగువు తగ్గుతుంది. అమెరికాలోని మయామీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1999లో 26 మంది గర్భిణులను రెండు జట్లు చేసి పరిశీలించారు. ఒక జట్టుకు మర్దన చేశారు, మరో జట్టు చేత ఒంటిని సడలించే సాధన చేయించారు. వారానికి రెండుసార్లు, 20 నిమిషాల చొప్పున, అయిదు వారాలు ఇలా సాగింది. మర్దన పొందినవారిలో ఆందోళన, నడుము నొప్పి తగ్గాయి, నిద్ర మెరుగుపడింది. ఇది చిన్న అధ్యయనమే. అయినా ఇంటింటి అనుభవం చెప్పేదానికి భిన్నంగా లేదు.

ఎన్నో నెల నుంచి

మొదటి మూడు నెలల్లో మాలిష్ చేయడానికి చాలామంది ఒప్పుకోరు. మెత్తని మర్దన వల్ల గర్భం పోతుందన్న రుజువేమీ లేదు. అయితే గర్భస్రావాల్లో ఎక్కువ భాగం ఆ నెలల్లోనే జరుగుతాయి కాబట్టి నింద మర్దన మీద పడుతుంది. పైగా వికారంతో ఉన్న మనిషికి నూనె వాసన, ఒత్తిడి రెండూ గిట్టవు. నాలుగో నెల దాటాక, డాక్టర్ సరేనన్నాక మొదలుపెట్టడం మేలు. పాతబస్తీ ముస్లిం కుటుంబాల్లో ఏడో నెల సత్వాసా వేడుక తర్వాత, హిందూ ఇళ్లలో సీమంతం అయ్యాక, పిల్ల పుట్టింటికి చేరిన రోజుల్లోనే మాలిష్ ఎక్కువగా మొదలవుతుంది.

ఎలా జరగాలి

చేసే మనిషి నూనె గిన్నె ముట్టుకునే ముందే కొన్ని ప్రశ్నలు అడగాలి. ఎన్నో నెల? బీపీ ఎంత? రక్తస్రావం అయ్యిందా? మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో రాశారా? ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పు అయ్యిందా? ఇవేవీ అడగకుండా చేతులు వేసే మనిషి చేత మాలిష్ చేయించుకోకపోవడమే మంచిది.

అయిదో నెల దాటాక వెల్లకిలా పడుకోబెట్టకూడదు. పెరిగిన గర్భసంచి, శరీరం కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను నొక్కుతుంది. దాంతో తల తిరుగుతుంది, బీపీ పడిపోతుంది, బిడ్డకు చేరే రక్తమూ తగ్గుతుంది. బోర్లా పడుకోవడం ఎలాగూ కుదరదు. గర్భిణిని ఒక పక్కకు, వీలైతే ఎడమవైపు పడుకోబెట్టి, తల కింద ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి, పొట్ట కిందికి చిన్నది ఒకటి సర్దాలి. అరచేతులతో వెన్నుపూసకు రెండు పక్కలా కింది నుంచి పైకి నిదానంగా సాగదీస్తారు. పూస మీద నేరుగా ఒత్తరు. నడుము అడుగున, తుంటి మీద అరచేతి మడమతో చిన్న చిన్న గుండ్రాలు తిప్పుతారు. చాలామందికి హాయి దొరికేది అక్కడే. తర్వాత భుజాలు, మెడ, చేతులు, పాదాలు. మొత్తం అరగంట నుంచి ముప్పావు గంట చాలు. 'నొప్పి తెలిస్తేనే పని చేసినట్టు' అన్న మాట ఇక్కడ చెల్లదు. నొప్పి పుడితే ఒత్తిడి తగ్గించాలి. లేచేటప్పుడు ముందు కూర్చుని, కాసేపాగి నిలబడాలి. అరికాళ్ల నూనె తుడవకుండా స్నానాల గదిలో అడుగు పెడితే జారిపడే ప్రమాదం ఉంది.

నూనెల్లో నువ్వుల నూనె, కొబ్బరి నూనె, రోగన్ బాదం సరిపోతాయి. ముందురోజు మోచేతి మడతలో ఒక చుక్క రాసి దద్దురు రాలేదని చూసుకోవాలి. ఏం కలిపారో తెలియని ఘాటైన తైలాలు, కర్పూరం, వింటర్‌గ్రీన్ ఉన్న బామ్‌లు, డైక్లోఫెనాక్ జెల్‌లు డాక్టర్‌ను అడగకుండా వాడరాదు. మర్దన తర్వాత గోరువెచ్చని నీళ్లే పోయాలి. పొగలు కక్కే నీళ్లు, ఆవిరి స్నానం వద్దు. ముఖ్యంగా తొలి నెలల్లో ఒంటి వేడి బాగా పెరిగితే బిడ్డ మెదడు, వెన్ను ఏర్పడటంలో లోపాలు వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

పొట్ట, పిక్కలు

పొట్ట మీద నూనె రాయడం వేరు, ఒత్తడం వేరు. చర్మం సాగి దురద పెడుతుంటే అరచేతితో తేలిగ్గా నూనె రాసుకోవచ్చు. అంతకు మించి నొక్కితే మాయ గర్భసంచి గోడ నుంచి విడిపోయి తల్లీబిడ్డల ప్రాణాల మీదికి రావచ్చు. బిడ్డ అడ్డం తిరిగిందని, ఎదురుకాళ్లతో ఉందని చెప్పి పొట్ట పిసికి సరిచేస్తామనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఏడో నెలలో ఎదురుకాళ్లతో ఉన్న పిల్లల్లో ఎక్కువమంది తమంతట తామే తిరుగుతారు. నెలలు నిండేసరికి అలా మిగిలేది 100కు 3 నుంచి 4 మందే. పొట్ట పిసకగానే బిడ్డ తిరిగిందని చెప్పుకునే కథల్లో చాలావాటి గుట్టు ఇదే. అప్పటికీ తిరగని బిడ్డను ఆసుపత్రిలో డాక్టర్లే 36, 37 వారాలప్పుడు స్కానింగ్ చూస్తూ, బిడ్డ గుండె చప్పుడు వింటూ, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేసేలా సిద్ధంగా ఉండి బయటి నుంచి తిప్పుతారు. అలా చేసినా దాదాపు సగం మందిలోనే ఫలిస్తుంది.

రెండో జాగ్రత్త పిక్కలది. గర్భంలో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కాలి లోపలి సిరల్లో, ఎక్కువగా ఎడమకాలిలో, గడ్డ ఏర్పడవచ్చు. గట్టిగా పిసికితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. ఒక కాలే వాచి, ఎర్రబడి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని 'పట్టేసింది' అనుకుని నూనె రాయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మామూలుగా పిక్క పట్టేస్తే పాదాన్ని పైకి వంచి సాగదీస్తే వదులుతుంది.

ఎవరికి వద్దు

రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, నెలలు నిండకముందే నొప్పులు, జ్వరం, మాయ కిందికి ఉండటం, అదుపులో లేని బీపీ ఉన్నవారికి డాక్టర్ చెప్పకుండా మాలిష్ కూడదు. అయిదో నెల తర్వాత బీపీ 140/90కి చేరడం, ముఖం, చేతులు ఉబ్బడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి గుర్రపువాతం (ఎక్లాంప్సియా) ముందు లక్షణాలు. కాళ్లకు నీరు దిగిందని మర్దనతో కాలయాపన చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పాతబస్తీ వారికి పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి అందుబాటులోనే ఉంది.

కాన్పు దగ్గరపడ్డాక

తొలిచూలు స్త్రీలకు 35వ వారం నుంచి యోనిద్వారం కింది భాగాన్ని శుభ్రమైన వేళ్లతో, నూనెతో మెల్లగా సాగదీసే మర్దనను కొందరు డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు నేర్పుతారు. ఇది గర్భిణి తానుగా ఇంట్లో చేసుకునేది. దీనివల్ల కాన్పులో కోత, కుట్ల అవసరం కొంత తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మాయ కిందికి ఉన్నా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా చేయకూడదు.

నొప్పులు మొదలయ్యాక నడుము అడుగున అరచేతితో గట్టిగా అదిమి పట్టడం చాలామందికి ఊరటనిస్తుంది. నొప్పి ఓర్చుకోవడానికి మర్దన, వెచ్చని కాపడం కోరుకునే ఆరోగ్యవంతులైన స్త్రీలకు వాటిని ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫార్సు చేసింది. ప్రసవ గదిలో తోడుండే తల్లో, అక్కో, అత్తో ఈ పని చేయగలరు.

పురుడయ్యాక చిల్లా రోజుల మాలిష్‌కూ ఒక హద్దు ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 100 కాన్పుల్లో దాదాపు 61 సిజేరియన్‌లే. అలాంటి బాలింతకు కుట్లు పూర్తిగా మానేదాకా పొట్టను ముట్టుకోకుండా వీపు, భుజాలు, చేతులకే మర్దన చేయాలి. పొట్టకు గుడ్డ బిగించాలన్నా, నూనె పట్టించాలన్నా ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను అడిగాకే.