ఎండిన నేల – ఎర్తు తీగ

గృహోపకరణములలో కొన్నిటిని ఇంటిలోపల గాక కారు షెడ్డులో ఉంచుట నేడు పరిపాటి అయినది. బట్టలుతుకు యంత్రము, పాత ఫ్రిజ్జి, నీటి మోటారు తరచు అచ్చటనే ఉండును. షెడ్డు నేల తడిసియుండును. మనుష్యులు చెప్పులు లేకయే తిరుగుదురు. కావున గదులలోకంటె అచ్చట విద్యుదాఘాత భయము ఎక్కువ.

ఈ భయమును తొలగించుటకై ఏర్పడినదే ఎర్తు తీగ. మూడు కాళ్ల ప్లగ్గులో లావుగా, పొడవుగా ఉండు కాలు దీనికి చెందినది. యంత్రములోని తీగపై తొడుగు చెడి, ఫేజు తీగ ఇనుప పెట్టెను తాకినచో, విద్యుత్తు ఎర్తు తీగ ద్వారా భూమిలోనికి పోవును. ఆ ప్రవాహము మిక్కిలి హెచ్చైనచో ఫ్యూజు కరగి, సరఫరా ఆగిపోవును. ఫ్యూజుకు బదులు నేడు వాడు ఎం.సి.బి. అయినచో స్విచ్చి పడిపోవును.

అయితే భూమి విద్యుత్తును సులభముగా గ్రహించినప్పుడే ఈ ఏర్పాటు ఫలించును. మట్టి రేణువులు మంచి వాహకములు కావు. వాని నడుమనున్న నీటిలో కరగిన లవణములే విద్యుత్తును మోయును. అనంతపురము పీఠభూమిపై సాలుకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పెక్కుచోట్ల పలుచని ఎర్రమట్టి, దాని క్రింద రాయి. వేసవిలో ఆ మట్టి తడియారగా, దాని నిరోధము ఎన్నో రెట్లు పెరుగును. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి నీరు పోయుట ఇందులకే. బొగ్గు తేమను నిలుపును. ఉప్పు ఆ తేమకు వాహకత్వము నిచ్చును. నీరు పోయని గుంత పేరునకు మాత్రమే ఎర్తు.

ఓము సూత్రముతో లెక్కించి చూతము. గుంత నిరోధము 100 ఓములైనచో, 230 వోల్టుల వలన ప్రవహించునది 2.3 ఆంపియర్లు మాత్రమే. 16 ఆంపియర్ల ఫ్యూజు దీనికి చలింపదు. యంత్రము మామూలుగనే నడచును. కాని దాని పెట్టెపై దాదాపు పూర్తి వోల్టేజి నిలిచియుండును. తడిసిన శరీరపు నిరోధము 1000 ఓములని కొన్నచో, దానిని తాకినవాని గుండా ఇంచుమించు 0.2 ఆంపియరు ప్రవహించును. కొలది క్షణములలో ప్రాణము తీయుటకు అది చాలును.

ఈ లోటును తీర్చు సాధనము ఆర్.సి.సి.బి. ఇందులో ఫేజు, న్యూట్రలు తీగలు రెండును ఒకే అయస్కాంత వలయము గుండా పోవును. పోవు ప్రవాహము, తిరిగివచ్చు ప్రవాహము సమానమైనంతవరకు వాని అయస్కాంత ప్రభావములు ఒకదానినొకటి రద్దుచేయును. కొంత విద్యుత్తు భూమిలోనికి జారినచో ఆ సమత తప్పును. అప్పుడు వలయముపై చుట్టిన మరియొక తీగచుట్టలో విద్యుత్తు పుట్టి, స్విచ్చిని పడవేయును. ఇండ్లలో వాడునది 0.03 ఆంపియరు తేడాకే, సెకనులో స్వల్పభాగములోనే పనిచేయును. ఫ్యూజు లెక్కచేయని 2.3 ఆంపియర్లు దీనికి కొండంత! గుంత నిరోధము 1000 ఓములకు పెరిగినను ఇది సరఫరాను ఆపగలదు. అమెరికాలో చార్లెస్ డాల్జియల్ అను ఆచార్యుడు 1961లో ఇట్టి సాధనమును రూపొందించెను.

ఇది ఎర్తుకు బదులు కాదు. ఎర్తు ఉన్నచో పెట్టెకు విద్యుత్తు సోకగనే స్విచ్చి పడును. లేనిచో ఎవరైనను తాకి దెబ్బతిన్న పిదపనే పడును. ఇది ఫ్యూజుకును బదులు కాదు. అధిక భారమును ఇది గుర్తింపదు. ఒకే మనిషి ఫేజును, న్యూట్రలును కలిపి పట్టుకొన్నను దీనికి తెలియకపోవచ్చును. కావున మూడును ఉండవలెను. దీనిపైనున్న పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడవలెను. స్విచ్చి పడనిచో సాధనమును మార్పించవలెను. వేసవిలో మొక్కలకు నీరు పోయునప్పుడు ఎర్తు గుంతకును ఒక బిందెడు పోయుట మంచిది.