గొట్టపుబావికి పీడనపు తొట్టి: చెడినప్పుడు గుర్తించుట, మార్చుట

మన హోసూరు సీమలో చేదబావులు తగ్గి గొట్టపుబావులు పెరిగినవి. తెలుగున గొట్టపుబావి యనియు, కన్నడమున కొళవె బావి యనియు, తమిళమున ఆళ్‌తుళైక్ కిణరు అనియు పుస్తకములలో వ్రాయుదురు గాని, ఇండ్లలో మూడు భాషలవారికిని అది బోరే. చాలమంది బోరునీటిని మిద్దెపై తొట్టికెక్కించి వాడుకొందురు. మాది పెంకుటిల్లు; పైన తొట్టి నిలుపుటకు తావు లేదు. అందుచేత మోటారు ప్రక్కన నేలమీదనే ఒక యినుప పీడనపు తొట్టిని పెట్టించుకొంటిమి. గత వేసవిలో అది చెడి, మాచేత అనవసరముగా క్రొత్త మోటారు కొనిపింపబోయినది. ఇట్టి తొట్టి గల ఇండ్లవారికి ఉపయోగపడునని ఆ సంగతి వివరించుచున్నాము.

ఈ తొట్టిలోపల కొలిమితిత్తి వంటి యొక రబ్బరు తిత్తి యుండును. నీరు తిత్తిలోనికి పోవును. తిత్తికిని ఇనుప గోడకును నడుమ గాలి యుండును. నీటిని ఎంత నొక్కినను అది కుదించుకొనదనియే చెప్పవచ్చును. గాలి మాత్రము కుదించుకొని, సందు దొరకగనే మరల వ్యాపించును. 1662లో రాబర్టు బాయిలు ప్రకటించిన నియమమును పెద్ద తరగతులవారు చదివియే యుందురు: ఉష్ణోగ్రత మారకున్నచో, పీడనము రెట్టింపైనప్పుడు గాలి పరిమాణము సగమగును.

మా తొట్టి 100 లీటర్లది. చదరపు సెంటీమీటరుకు 1.4 కిలోల పీడనము వద్ద ప్రెషర్ స్విచ్చి మోటారును నడిపించి, 2.8 వద్ద ఆపును. 1.4 కిలోలనగా 14 మీటర్ల ఎత్తున నీళ్లతొట్టిని నిలిపినట్లే. తొట్టి వట్టిదిగా నున్నప్పుడు గాలిని 1.3 వరకు నింపి యుంచవలెను. ఇక లెక్క వేయుదము. గేజి చూపు అంకెకు వాతావరణ పీడనము 1 కలుపవలెను. దీనిని మరచినవారికి లెక్క తప్పును. 2.3 వద్ద 100 లీటర్లున్న గాలి, 2.4 వద్ద సుమారు 96 లీటర్లు, 3.8 వద్ద సుమారు 61 లీటర్లు అగును. భేదము 35 లీటర్లు. అనగా మోటారు ఆగిన పిమ్మట 35 లీటర్ల నీరు గాలి తోపుడుచేతనే కుళాయికి వచ్చును.

గాలి పోయినచో ఈ 35 లీటర్లును పోవును. మా యింట అదియే జరిగినది. చెంబెడు నీరు పట్టుకొన్నను మోటారు టక్కుమని మొదలై, రెండు మూడు సెకండ్లలో ఆగెడిది, మరల మొదలయ్యెడిది. మోటారు బయలుదేరునప్పుడు, సాఫీగా నడచునప్పటికంటె అయిదారు రెట్లు కరెంటు లాగును. గంటకు పదుల సార్లు ఇట్లు జరిగినచో తీగచుట్లు వేడెక్కి కాలిపోవును. చూడవచ్చిన మెకానిక్కు మోటారు అరిగినదని, మార్చవలసినదేనని చెప్పిపోయినాడు. మేమును సొమ్ము కూడదీయ మొదలిడితిమి.

అంతలో మా పదవ తరగతి విద్యార్థి యొకడు ఏదో పనిమీద వచ్చి, తొట్టిని వ్రేళ్లతో తట్టి చూచినాడు. బాగున్న తొట్టి, గాలి యున్నచోట ఖంగుమని, నీరున్నచోట మందముగా పలుకును. మాది క్రిందినుండి మీది వరకు ఒకే మందస్వరముతో పలికినది. పైనున్న గాలి వాల్వు కారు చక్రమునకుండు వాల్వు వంటిదే. దాని సూదిని నొక్కగా గాలికి బదులు నీరు చిమ్మినది. తిత్తి చినిగినదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. నీరు రాక, గాలి మాత్రమే బలహీనముగా వచ్చినచో తిత్తి బాగున్నట్లే. గాలి కొట్టించి చూడవచ్చును. తొట్టి బాగుండియు మోటారు టక్కుటక్కు మనుచున్నచో, స్విచ్చికి పోవు సన్నని గొట్టము తుప్పుతో పూడినదేమో చూడవలెను.

తిత్తి మార్చుటకు వీలైన తొట్లును కలవు. మాది అట్టిది కాదు గనుక తొట్టినే మార్చితిమి. దాని వెల మోటారు వెలలో సగము కూడ కాలేదు. ఇది పెద్దలు, పని తెలిసినవారు చేయదగిన పని; పిల్లలు ప్రక్కన నిలిచి చూడవచ్చును గాని చేయి పెట్టరాదు. మోటారు స్విచ్చి ఆపినంత మాత్రమున చాలదు, మెయిన్ ఆపవలెను. తరువాత కుళాయి విప్పి, గేజి ముల్లు సున్నకు దిగువరకు నీరు వదలవలెను. గేజి సున్న చూపినను చినిగిన తొట్టిలో నీరు మిగిలియే యుండును. తొట్టినిండ నీరున్నచో నీటి బరువే 100 కిలోలు! మాకది తోచక, ఎత్తబోయిన ప్లంబరు నడుము పట్టుకొని కూలబడినాడు. అడుగు బిరడా విప్పి నీరంతయు పోయిన పిదపనే కదల్పవలెను.

క్రొత్త తొట్టిని బిగించుటకు ముందే గాలి కొలిచి చూడవలెను. అంగడినుండి వచ్చిన తొట్టిలోని గాలి మన స్విచ్చికి సరిపడునని నమ్మరాదు. మాది 2 కిలోల గాలితో వచ్చినది, 1.3కు తగ్గించితిమి. అట్లే యుంచినచో, మోటారు మొదలగుటకు ముందే తిత్తి ఖాళీయై కుళాయి ధార తటాలున తగ్గిపోవును. మరచుట్లకు టేపు చుట్టి బిగించి, మోటారు నడిపి, అతుకులవద్ద తడి కానవచ్చునేమో చూచితిమి.

ఏడాదికొకసారి గాలిని కొలవవలెను. అదియు మెయిన్ ఆపి, నీరంతయు వదలిన పిదపనే. నీరుండగా కొలిచినచో గాలి తగ్గియున్నను గేజి నీటి పీడనమునే చూపును. తిత్తి చినుగుటకు ముందటి యేడు మేమట్లే కొలిచి, 2.5 అని చూచి, గాలి దండిగా నున్నదని మూత బిగించి వచ్చితిమి.