మబ్బులపైన సూర్యాస్తమయం

పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి దీవులున్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్ద దీవి పేరు కూడా హవాయే. ఆ దీవిలో మౌనా కియా అనే కొండ ఒకటి ఉంది. మధ్యాహ్నం కాగానే తీరంలోని ఊళ్ళనుంచి చిన్న వ్యానులు, ఒక్కొక్కదానిలో పదిపన్నెండు మందిని ఎక్కించుకొని, ఈ కొండకేసి బయలుదేరుతాయి. కొండ కొమ్మున నిలబడి సూర్యాస్తమయం చూడడం, చీకటిపడ్డాక కాస్త కిందికి దిగివచ్చి నక్షత్రాలు చూడడం - ఇదీ వాళ్ళ యాత్ర.

చుట్టూ సముద్రమే ఉన్న దీవిలో సూర్యాస్తమయానికి కరువేమిటి? పడమటి తీరాన ఇసుకలో కూర్చుంటే ఉచితంగానే కనిపిస్తుంది గదా! అలాంటిదానికి డబ్బు పోసి, నాలుగు కిలోమీటర్ల ఎత్తుకెక్కి, చలికి వణుకుతూ చూడడమెందుకు? ఈ ప్రశ్నకు జవాబు గాలిలో ఉంది. ఆ కొండమీద కనిపించే అందాలన్నిటికీ, అక్కడ పొంచి ఉన్న అపాయానికీ కూడా కారణం ఒక్కటే - పలచబడిన గాలి.

ముందు కొండ సంగతి చూద్దాం. మౌనా కియా ఒక అగ్నిపర్వతం. ఆఖరిసారిగా అది సుమారు 4500 ఏళ్ళ కిందట లావా కక్కింది. సముద్రమట్టంనుంచి దాని ఎత్తు 4207 మీటర్లు. కాని అది మొదలయ్యేది సముద్రమట్టం దగ్గర కాదు, సముద్రం అడుగున. అక్కడినుంచి కొలిస్తే 10,000 మీటర్లు దాటుతుంది. ఆ లెక్కన 8849 మీటర్ల ఎవరెస్టుకన్నా ఇదే పొడవరి. మౌనా కియా అంటే హవాయి భాషలో 'తెల్లని కొండ' అని అర్థం చెబుతారు. చలికాలంలో దాని కొమ్మున మంచు పడుతుంది. పటం తీసి చూడండి: ఈ కొండ ఉన్నది ఇంచుమించు 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మన ఆదిలాబాదు ఉన్నదీ దాదాపు అక్కడే! ఆదిలాబాదు అక్షాంశంలో మంచు!

మా తరగతిలో ఈ మాట చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, "కొండెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం గదా మాస్టారూ, మరి వేడి పెరగాలి గాని చలెందుకు వేస్తుంది?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అందులో నాలుగు కిలోమీటర్లు తగ్గితే ఒరిగేదేమీ లేదు. అసలు గాలి ప్రధానంగా వేడెక్కేది పైనుంచి వచ్చే ఎండవల్ల కాదు, కిందనున్న నేలవల్ల. నేల కాగుతుంది, దాన్ని తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది. పైకి పోయినకొద్దీ దానిమీద ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి అది వ్యాకోచిస్తుంది. వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకు ఆరు, ఆరున్నర డిగ్రీల సెంటీగ్రేడు చొప్పున ఉష్ణోగ్రత పడిపోతుందని లెక్క. తీరంలో 27 డిగ్రీలుంటే కొమ్మున ఎంతుంటుందో మీరే కట్టి చూడండి. ఈ యాత్ర నడిపేవాళ్ళు అందరికీ దళసరి కోట్లు ఇచ్చేది ఇందుకే.

వ్యాను తిన్నగా కొమ్ముకు పోదు. 2800 మీటర్ల ఎత్తున యాత్రికుల కేంద్రం ఒకటి ఉంది. దానికి ఒనిజూకా పేరు పెట్టారు. ఈ దీవిలోనే పుట్టి, వ్యోమగామి అయి, 1986లో ఛాలెంజరు ప్రమాదంలో చనిపోయినవాడాయన. అక్కడ కనీసం అరగంట ఆగాలి. కాళ్ళు చాచుకోవడానికో, కాఫీ తాగడానికో కాదు, ఊపిరి సర్దుకోవడానికి.

సముద్రమట్టంలో గాలి పీడనం 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలబెడుతుందని మీరు చదువుకున్నారు. భారమితిని మౌనా కియా కొమ్ముకు తీసుకుపోతే పాదరసం 46 సెంటీమీటర్ల దగ్గరికి దిగిపోతుంది. అంటే పీడనం నూటికి అరవై వంతులే. అక్కడి గాలిలో కూడా ఆక్సిజన్ నూటికి 21 పాళ్ళే ఉంటుంది, ఆ నిష్పత్తి మారదు. కాని మొత్తం గాలే తక్కువ కాబట్టి, ఒక్కొక్క శ్వాసలో ఊపిరితిత్తులకు అందే ఆక్సిజన్ కూడా అంతమేరకు తగ్గిపోతుంది. ఇంటినుంచి తెచ్చుకున్న బిస్కట్ల పొట్లం, గాలి చొరకుండా మూసి ఉన్నదైతే, లోపలి గాలి వ్యాకోచించి బూరెలా ఉబ్బుతుంది. నీళ్ళు 86 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు పెడితే ఎంతకీ మెత్తబడదు, కుక్కరు ఉండాల్సిందే.

శరీరం మాత్రం కుక్కరులో కూర్చోలేదు గదా. తీరంనుంచి రెండు గంటల్లో ఈ ఎత్తుకు వచ్చిన మనిషికి తలనొప్పి రావచ్చు. వికారం, తలతిరుగుడు, నాలుగడుగులకే ఆయాసం రావచ్చు. ఒక్కొక్కసారి ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. అరగంట ఆగినంత మాత్రాన శరీరం పూర్తిగా అలవాటు పడిపోదు, దానికి రోజులు కావాలి. అయినా కొంత సర్దుకుంటుంది, ఎవరికి సుస్తీ చేసేట్టుందో ముందే తెలుస్తుంది. పదమూడేళ్ళు నిండని పిల్లలు, గర్భిణులు, గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు ఇక్కడినుంచి పైకి పోవద్దని సలహా. క్రితం 24 గంటల్లో గాలిసీసా కట్టుకొని సముద్రంలో మునిగినవాళ్ళు కూడా పోకూడదు. నీటి అడుగున ఎక్కువ పీడనంలో రక్తంలో కరిగిన నైట్రోజన్, పీడనం తగ్గేసరికి బుడగలు కడుతుంది - మూత తీసిన సోడాలా! కొండమీద తల పగిలేట్టు నొప్పి వస్తే మందు ఒక్కటే: వెంటనే కిందికి దిగడం. ఇంకొంచెంసేపు ఓర్చుకుందాం, సూర్యుడు అస్తమించనీ అనుకోవడం ధైర్యం కాదు, తెలివితక్కువ.

కేంద్రం దాటాక రోడ్డు చాలా నిటారు. కొన్ని మైళ్ళు తారు కూడా ఉండదు, కంకరే. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బళ్ళు మాత్రమే పోవాలి. పెద్ద బస్సులు కాక చిన్న వ్యానులు ఎందుకో ఇప్పుడు తెలిసింది కదూ? దిగేటప్పుడు తక్కువ గేరులో దిగాలి. బ్రేకు తొక్కి పట్టుకునే దిగితే ఘర్షణకు బ్రేకులు కాగిపోయి పట్టు వదిలేస్తాయి.

ఇంతకుముందే, దారిలోనే ఒక వింత జరిగిపోయి ఉంటుంది. కింద ముసురుపట్టినట్టున్న ఆకాశం, సుమారు 2000 మీటర్లు దాటేసరికి విడిపోయి, మబ్బులన్నీ కాళ్ళకిందికి పోతాయి. తిరిగి చూస్తే దూది పరిచినట్టు మబ్బుల సముద్రం! మబ్బులు అక్కడే ఆగిపోయాయెందుకు? భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి పోయిన గాలి, ఈ అక్షాంశాల దగ్గర మళ్ళీ కిందికి దిగుతుంది. దిగే గాలి నొక్కుకుపోతుంది, నొక్కుకుపోయిన గాలి వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఇలా వేడెక్కిన పొర, కింది చల్లని గాలిమీద కుండమీది మూతలా కూర్చుంటుంది. తేమ, పొగమంచు, దుమ్ము ఆ మూతను దాటి పైకి రావడం కష్టం.

అందుకే కొమ్మున గాలి అంత పొడిగా, నిర్మలంగా ఉంటుంది. గాలిలోని నీటి ఆవిరిలో నూటికి తొంభై వంతులు కిందనే ఉండిపోతుంది. శాస్త్రజ్ఞులు ఈ కొండను ఏరుకున్నది ఇందుకే. ఒక్కొక్కటి 10 మీటర్ల వ్యాసం గల అద్దాలున్న కెక్ దూరదర్శినులు రెండు, జపానువారి 8.2 మీటర్ల సుబారు దూరదర్శిని, ఇంకా ఎన్నో అక్కడ ఉన్నాయి. మన దేశం కూడా భాగస్వామిగా ఉన్న 30 మీటర్ల దూరదర్శినిని అక్కడే కట్టాలనుకున్నారు. కాని హవాయి మూలవాసులకు ఆ కొండ పవిత్రం, మంచు దేవత పోలియాహు నివాసం. 2019 జూలైలో పెద్దవాళ్ళు, ముసలివాళ్ళు రోడ్డుకు అడ్డంగా కూర్చుని పని ఆపించారు. అంతకు ముందే వచ్చిన దూరదర్శినులు చాలవా అని వాళ్ళ ప్రశ్న. ఆ ప్రశ్నను కొట్టిపారెయ్యడానికి వీల్లేదు.

ఇక సూర్యుడు దిగుతున్నాడు. ఒక చిన్న లెక్క చేద్దాం. భూమి గుండ్రం కాబట్టి, ఎత్తుకు పోయినకొద్దీ దిగంతం దూరంగా జరుగుతుంది. భూమి వ్యాసాన్ని (12,740 కి.మీ.) మన ఎత్తుతో (4.2 కి.మీ.) గుణించి వర్గమూలం తీస్తే ఆ దూరం వస్తుంది. సుమారు 231 కిలోమీటర్లు! అంత దూరాన ఉన్న దిగంతం మన కంటి మట్టానికి రెండు డిగ్రీలకు కొంచెం తక్కువగా కిందికి వాలి ఉంటుంది. సూర్యుడు ఒక డిగ్రీ కదలడానికి 4 నిమిషాలు పడుతుంది. పైగా ఆ అక్షాంశంలో సూర్యుడు నిట్టనిలువుగా కాక కొంచెం ఏటవాలుగా దిగుతాడు. అంచేత తీరంలో ఉన్నవాళ్ళకు సూర్యుడు మునిగిపోయాక కూడా, కొమ్మున ఉన్నవాళ్ళకు 8 నిమిషాలకు పైగా కనిపిస్తూనే ఉంటాడు. మన కోస్తాలో సముద్రం తూర్పున ఉంది కాబట్టి లెక్క తిరగబడుతుంది. సముద్రపు ఒడ్డున 100 మీటర్ల కొండమీద నిలబడ్డ పిల్లవాడికి, ఇసుకలో నిలబడ్డ తమ్ముడికన్నా ఒక నిమిషం పైగా ముందే సూర్యోదయం అవుతుంది. గడియారాలు సరిచేసుకుని ఇద్దరు చూస్తే తేలిపోతుంది.

దిగంతానికి చేరిన సూర్యుడు గుండ్రంగా ఉండడు, నొక్కిన నిమ్మకాయలా ఉంటాడు. కింది అంచునుంచి వచ్చే కిరణాలు, పై అంచు కిరణాలకన్నా చిక్కటి గాలిలోనుంచి వచ్చి ఎక్కువ వక్రీభవనం చెందుతాయి. అందుచేత కింది అంచు ఎక్కువగా పైకి లేచినట్టు కనిపిస్తుంది. గాలి పట్టకంలా పనిచేసి రంగుల్ని కూడా కొద్దిగా విడదీస్తుంది కాబట్టి, దిగంతం తేటగా ఉన్న రోజున ఆఖరి క్షణంలో పై అంచు పచ్చగా తళుక్కుమంటుంది. అది ప్రతిరోజూ కనబడదు. దానికోసమని సూర్యుణ్ణి మొదటినుంచీ గుడ్లప్పగించి చూడకండి, బైనాక్యులరుతో అసలే చూడకండి. కళ్ళు పోతాయి.

ఆ సమయంలో అందరూ పడమటికి తిరిగి ఉంటారు. నేనైతే తూర్పుకు తిరగమంటాను. మబ్బుల మీద, వాటిపైని పలచని మసక మీద కొండనీడ పరుచుకుంటూ పోతుంది. ఆ నీడ మొనదేలిన త్రిభుజం! మౌనా కియా కొమ్ము నిజానికి మొనదేలినది కాదు, గుట్టలు గుట్టలుగా బొడిపెలతో ఉంటుంది. మరి నీడ త్రిభుజమెట్లా అయింది? సూర్యకిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి. కాబట్టి నీడ కూడా ఒకే వెడల్పుతో, సొరంగంలా వందలాది కిలోమీటర్లు సాగుతుంది. మనం ఆ సొరంగపు మొదట్లో నిలబడి దాని పొడవునా చూస్తున్నాం. రైలుపట్టాల మధ్య నిలబడి చూస్తే, ఎక్కడా కలవని పట్టాలు దూరాన ఒక బిందువులో కలిసినట్టు కనబడవూ? ఇదీ అంతే. కొండ ఏ ఆకారంలో ఉన్నా నీడ మొన మొనే. సూర్యుడు దిగినకొద్దీ ఆ మొన తూర్పు దిగంతం దాటి గాలిలోకి లేస్తుంది. సూర్యుడు మునిగాక, నీలి బూడిద రంగు పట్టీ ఒకటి తూర్పున అడ్డంగా లేచి దాన్ని మింగేస్తుంది. ఆ పట్టీ పైన లేత గులాబీ రంగు అంచు. ఆ నీలి పట్టీ ఏమిటనుకున్నారు? భూమి నీడ! ఇది చూడ్డానికి హవాయి పోనక్కరలేదు, ఆకాశం నిర్మలంగా ఉన్న ఏ సాయంత్రమైనా మీ మేడమీదినుంచి తూర్పుకు చూడండి.

అస్తమయమైన అరగంటలో యాత్రికులు కొమ్ము ఖాళీ చెయ్యాలి. బళ్ళ దీపాలు దూరదర్శినులకు అడ్డు. "అయ్యో, నక్షత్రాలు చూడవలసిన చోటునే వదిలిపోవాలా?" అని బాధపడనక్కరలేదు. ఇక్కడే ఒక తమాషా ఉంది. మన కంటి తెరలో చీకట్లో చూడడానికి దండకణాలున్నాయి. వాటికి చీకట్లో ఆక్సిజన్ మరీ ఎక్కువగా కావాలి. కొమ్మున అది చాలక వాటి శక్తి మందగిస్తుంది. దూరదర్శినికి మేలుచేసే పలచని గాలే మన కంటిని మసకబారుస్తుంది! 2800 మీటర్ల కేంద్రానికి దిగివస్తే, మబ్బులు ఇంకా కిందనే ఉంటాయి, ఊపిరి మెరుగవుతుంది, నక్షత్రాలు మరిన్ని కనిపిస్తాయి. కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంట పడుతుంది కాబట్టి అక్కడ ఎర్రదీపాలే వాడతారు. ఎర్ర వెలుగుకు దండకణాలు అంతగా చెదరవు.

అక్కడ ధ్రువనక్షత్రం దిగంతంపైన 20 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే పది డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్ళ ఎత్తు. ఆదిలాబాదులో కొలిచినా అంతే వస్తుంది. అక్షాంశం ఒకటే గదా! తేడా వేళలోనే. అక్కడ రాత్రి 8 గంటలైనప్పుడు ఇక్కడ మరునాటి పగలు పదకొండున్నర. ఆ చుక్కలు మన ఆకాశానికి చేరడానికి ఇంకా ఎనిమిదిన్నర గంటలు పడుతుంది.