వేలికి ‘ఇక చాలు’ అని చెప్పే స్విచ్

ఎడమ చేత్తో కుడి ముంజేతిని, మోచేతికి కాస్త దిగువన పట్టుకోండి. ఇప్పుడు కుడి చేతి వేళ్లను టైపు చేస్తున్నట్టు బల్ల మీద ఆడించండి. వేలు కదిలినప్పుడల్లా ముంజేతి కండ ఉబ్బడం, సడలడం చేతికి తెలుస్తుంది. వేళ్లను మడిచే, పైకి లేపే ప్రధాన కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కణ్ణుంచి టెండాన్లనే గట్టి పట్టీలు మణికట్టు గుండా వేళ్ల దాకా సాగుతాయి. వేళ్లను మడిచే టెండాన్లు తొమ్మిది. వాటితో పాటు మీడియన్ నాడి కూడా మణికట్టులోని ఒకే ఇరుకు సొరంగంలోంచి వెళ్లాలి. రోజంతా టైపు చేసినవారికి సాయంత్రానికి ముంజేయి లాగేది, మణికట్టు బరువెక్కేది అందుకే.

ఆ అలసటను పెంచడంలోనూ తగ్గించడంలోనూ వాటా ఉన్న చిన్న యంత్రం ఒకటుంది. అది కీబోర్డులో ప్రతి అక్షరం కింద దాగి ఉండే స్విచ్. కొనేవాళ్లు దాని గురించి అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత తేలిగ్గా దిగుతుంది?’ అన్నది. నూట యాభై ఏళ్ల కీబోర్డు చరిత్ర చూస్తే అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటి బయటపడుతుంది: ఎక్కడ ఆగాలో వేలికి స్విచ్ చెబుతుందా?

బలమంతా వేలిదే

అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్రిస్టఫర్ లాథమ్ షోల్స్, ఆయన సహచరులు 1868లో టైపురైటరుకు పేటెంటు పొందారు. దాన్ని మెరుగుపరిచి రెమింగ్టన్ కంపెనీ 1874లో అమ్మకానికి పెట్టింది. మీట నొక్కితే అక్షరం చెక్కిన కడ్డీ లేచి రిబ్బను మీద కొడుతుంది. ఆ దెబ్బకు కావలసిన బలమంతా వేలే ఇవ్వాలి. మన ఊళ్లలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని లోయరు, హయ్యరు పరీక్షలకు సాధన చేసినవారికి చిటికెన వేలి కష్టం గుర్తుండే ఉంటుంది. మిగతా అక్షరాలు నల్లగా పడితే, ఆ వేలి కిందికొచ్చే ‘ఎ’ మాత్రం వెలవెలబోతూ పడేది.

ఆ పాత యంత్రంలో ఒక సుగుణం ఉంది. కడ్డీ కాగితాన్ని తాకిన చప్పుడు వినగానే పని అయిపోయిందని వేలికి తెలిసిపోయేది. వరుస పూర్తయిన ప్రతిసారీ చెయ్యెత్తి క్యారేజీని వెనక్కి నెట్టాలి కనుక వేళ్లకు క్షణం విరామం కూడా దొరికేది.

1961లో ఐబీఎం తెచ్చిన సెలెక్ట్రిక్ ఎలక్ట్రిక్ టైపురైటరు ఈ లెక్కను మార్చింది. కాగితాన్ని కొట్టే పని మోటారుకు అప్పగించి, వేలికి ఆజ్ఞాపించే పని మాత్రమే మిగిల్చింది. ఇక కంప్యూటరు టెర్మినళ్లు వచ్చాక కదపడానికి యంత్రమే లేకుండా పోయింది. విద్యుత్ సంకేతం పంపడానికి కావలసిన బలం దాదాపు సున్నా. అప్పుడు ఇంజనీర్ల ముందు కొత్త చిక్కు వచ్చి పడింది. మీట ఎంత బిగువుగా ఉండాలి, ఎంత లోతు దిగాలి, వేలికి ఏం తెలియాలి? అంతవరకూ యంత్రం దానంతటదే ఇచ్చిన స్పర్శను ఇక మనిషే ఆలోచించి తయారు చేయాలి.

వంగే స్ప్రింగు

ఆ చిక్కుకు ఇప్పటికీ మెచ్చుకోదగ్గ జవాబు ఐబీఎం ఇంజనీరు రిచర్డ్ హంటర్ హారిస్ ఇచ్చాడు. ఆయన బక్లింగ్ స్ప్రింగు స్విచ్‌కు 1978లో పేటెంటు వచ్చింది. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన మోడల్ ఎఫ్ కీబోర్డులో, ఆ తర్వాత 1980ల మధ్యలో మొదలైన మోడల్ ఎమ్ కీబోర్డులో ఉన్నది ఆ స్విచ్చే.

దాని లోపల ఏం జరుగుతుందో నెమ్మదిగా చూద్దాం. కీ కింద ఒక గొట్టం, అందులో నిలువుగా ఒక స్ప్రింగు, దాని అడుగున ఇరుసు మీద ఊగే చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటాయి. కీ దిగుతున్న కొద్దీ స్ప్రింగు నొక్కుకుంటూ వేలికి ఎదురు తిరుగుతుంది. ఒక స్థాయి దాటగానే నిటారుగా నిలబడలేక ఒక్కసారిగా పక్కకు వంగి గొట్టం గోడను కొడుతుంది. ‘టక్’మని చప్పుడవుతుంది, వేలి కింద బిగువు తటాలున సడలుతుంది, అదే క్షణంలో అడుగునున్న ముక్క ఊగి అక్షరాన్ని కంప్యూటరుకు పంపుతుంది. చెవికి, వేలికి, కంప్యూటరుకు వార్త ఒకేసారి అందుతుంది. ఈ స్విచ్‌కు కావలసిన బలం నేటి తేలికపాటి స్విచ్‌ల కన్నా బాగా ఎక్కువ. అయినా దాన్ని వదలని టైపిస్టులు ఇప్పటికీ ఉన్నారు.

రంగుల కుటుంబం

ఇవాళ మెకానికల్ కీబోర్డు అనగానే గుర్తొచ్చే స్విచ్ మాత్రం చెర్రీ కంపెనీది. వాల్టర్ చెర్రీ 1953లో అమెరికాలోని ఇల్లినాయిలో ప్రారంభించిన ఆ కంపెనీ తర్వాత జర్మనీలో వేళ్లూనుకుంది. 1980ల మొదట్లో అక్కడి ప్రమాణాలు కీబోర్డు సన్నగా ఉండాలనీ, మధ్య వరుస కీలు బల్ల నుంచి 30 మిల్లీమీటర్ల ఎత్తు మించరాదనీ పట్టుబట్టాయి. ఆ వాతావరణంలో పుట్టిందే ఎమ్‌ఎక్స్ స్విచ్.

దీని నిర్మాణం తేలిక. నడుమ ప్లాస్టిక్ కాడ, దాని చుట్టూ స్ప్రింగు, పక్కన రెండు సన్నని లోహపు రేకులు ఉంటాయి. కాడకున్న కాలు రేకులను ఎడంగా ఉంచుతుంది. కాడ 2 మిల్లీమీటర్లు దిగేసరికి రేకులు కలుసుకుని అక్షరం పడుతుంది. మొత్తం దిగగలిగేది 4 మిల్లీమీటర్లు. అంటే సగం దారిలోనే పని పూర్తవుతుంది, మిగతా సగం ఆగడానికి ఇచ్చిన చోటు.

కాడ రంగును బట్టి స్విచ్ గుణం తెలుస్తుంది. ఎర్రదానికీ నల్లదానికీ కాలు నున్నగా ఉంటుంది. పై నుంచి కింది దాకా ఎక్కడా ఆటంకం తగలదు. వీటిని లీనియర్ స్విచ్‌లంటారు. ఎర్రదాన్ని దించడానికి సుమారు 45 సెంటీన్యూటన్లు, నల్లదానికి 60 కావాలి. ఒక సెంటీన్యూటన్‌ను ఇంచుమించు ఒక గ్రాము బరువు అనుకోవచ్చు. గోధుమ రంగు స్విచ్ కాలికి చిన్న గుబ్బ ఉంటుంది. అది రేకును దాటేటప్పుడు వేలికి మెత్తగా తగులుతుంది. దీన్ని టాక్టైల్ అంటారు. నీలం స్విచ్‌లో కాడ రెండు ముక్కలు. గుబ్బ దాటగానే కింది ముక్క దూకి క్లిక్‌మంటుంది. దీనితో ఒక ఇబ్బంది ఉంది. నీలం స్విచ్ తిరిగి సిద్ధమయ్యే చోటు, అక్షరం పడే చోటు కన్నా పైన ఉంటుంది. ఒకే అక్షరాన్ని వెంటవెంటనే రెండుసార్లు కొట్టాలంటే వేలిని ఎక్కువ ఎత్తాలి.

ఇంత వైవిధ్యం ఉన్నా, ఆఫీసు బల్లల మీద గెలిచింది వీటిలో ఏదీ కాదు. ధర తక్కువని రబ్బరు డోమ్ కీబోర్డు ప్రపంచమంతా పరుచుకుంది. అందులో ప్రతి కీ కింద చిన్న రబ్బరు బుడిపె ఉంటుంది. నొక్కితే కొంతసేపు బిగుసుకుని, ఆపైన కుప్పకూలుతుంది. కూలి అడుగును తాకాకే అక్షరం పడుతుంది. పని పూర్తయ్యే చోటూ అడుగూ ఒకటే కావడంతో వేలికి మధ్యలో ఆగే అవకాశమే లేదు.

ప్రయోగశాల చెప్పిన సంగతి

1990లలో అమెరికాలోని మిషిగన్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు కీల కింద బలాన్ని కొలిచే పరికరాలు అమర్చి, టైపిస్టుల ముంజేతి కండరాల విద్యుత్ సంకేతాలను నమోదు చేశారు. తేలిన విషయం ఆశ్చర్యపరుస్తుంది. కీకి అవసరమైన బలానికి రెండున్నర నుంచి దాదాపు నాలుగు రెట్ల బలంతో మనుషులు కొడుతున్నారు. అక్షరం పడిపోయాక కూడా వేలు అదే ఊపుతో వెళ్లి అడుగును గుద్దుతోంది. ఆ తాకిడికి ముందు స్విచ్ నలుగుతుంది, తర్వాత వేలి కొనలోని మెత్తటి కండ నలుగుతుంది.

చిన్న లెక్క వేద్దాం. రోజుకు 40,000 సార్లు కీలు నొక్కుతామనుకుందాం. 60 గ్రాముల స్విచ్ బదులు 45 గ్రాములది వాడితే రోజు మొత్తం మీద మిగిలేది 600 కిలోల నొక్కుడు. కానీ ఆ తేలిక స్విచ్‌నే మూడు రెట్ల బలంతో కొట్టామా, అనవసరంగా ఖర్చయ్యేది 3,600 కిలోలు. స్ప్రింగు తేలికైనందువల్ల కలిసొచ్చినదానికి ఆరు రెట్లు, ఎక్కడ ఆగాలో తెలియక పోగొట్టుకుంటున్నాం. చీకట్లో మెట్లు దిగే మనిషికి ఆఖరి మెట్టు ఏదో తెలియకపోతే పాదం నేలను ఎంత గట్టిగా తాకుతుందో, సమాచారం అందని వేలు కీబోర్డు అడుగును అంత గట్టిగా తాకుతుంది.

అయితే బిగువుకు ప్రాధాన్యం లేదని కాదు. స్విచ్ మరీ గట్టిదైతే వేళ్లు ఇంకా బలంగా కొట్టడమూ, కండరాలు ఎక్కువ శ్రమపడటమూ ఆ ప్రయోగాల్లోనే కనిపించాయి. కానీ ఇంచుమించు ఒకే బిగువున్న రబ్బరు డోమునూ బక్లింగ్ స్ప్రింగునూ పక్కపక్కన పరీక్షించినప్పుడు, ‘టక్’మనే స్ప్రింగు మీద టైపిస్టులు తక్కువ బలం వాడారు. బిగువు అదే అయినా చప్పుడు, స్పర్శ తోడయ్యేసరికి చెయ్యి తనను తాను అదుపు చేసుకుంది.

మరీ తేలికైతే

అలాగని ఈకంత తేలికైన స్విచ్ మేలనుకోవడం కూడా పొరపాటే. వేళ్లకూ బరువుంటుంది. స్విచ్ ఆ బరువును కూడా ఆపలేనంత మెత్తగా ఉంటే, ఆలోచించుకుంటూ వేళ్లను కీల మీద ఆనించగానే అక్షరాలు పడిపోతాయి. దాంతో వేళ్లను గాల్లో నిలిపి ఉంచుతాం. ఆ పని ముంజేతి పైభాగపు కండరాలది. కదలిక లేదు కనుక శ్రమ కనబడదు, కానీ కండరం మాత్రం విడవకుండా బిగిసే ఉంటుంది.

స్వీడన్ పరిశోధకుడు గోరాన్ హాగ్ 1991లో ‘సిండ్రెల్లా’ పేరుతో ఒక ప్రతిపాదన చేశాడు. కండరం పని మొదలుపెట్టినప్పుడు ముందుగా చిన్న తంతువులు రంగంలోకి దిగుతాయి, పని పూర్తిగా ఆగేదాకా విశ్రాంతి పొందవు. పని ఎంత స్వల్పమైనా గంటల తరబడి సాగితే ఆ కొద్ది తంతువులే మొత్తం భారం మోసి దెబ్బతింటాయని ఆయన భావన. తేలికైన పని కూడా ఎందుకు నొప్పి తెస్తుందో అర్థం చేసుకోవడానికి ఇది మంచి దారి చూపింది. కీబోర్డుల గురించి 1998లో వెలువడిన ఐఎస్ఓ 9241 ప్రమాణం నాలుగో భాగం కూడా కీ బలానికి 50 నుంచి 80 సెంటీన్యూటన్ల మధ్య స్థాయినే మెరుగని చెప్పింది. ఎర్ర స్విచ్ ఆ గీతకు కాస్త కిందే ఉంది.

అన్ని వేళ్లూ ఒకటి కావు

పది వేళ్లకూ ఒకే బిగువు ఎందుకన్న ఆలోచనను జపాన్‌కు చెందిన టోప్రే కంపెనీ ఆచరణలో పెట్టింది. దాని రియల్‌ఫోర్స్ కీబోర్డుల్లో కొన్ని రకాలకు చిటికెన వేలి కింద 30 గ్రాముల కీలు, బలమైన వేళ్ల కింద 45 గ్రాముల కీలు ఉంటాయి.

తెలుగు టైపు చేసేవారికి ఇది పట్టించుకోదగ్గ సంగతి. భారతీయ భాషల టైపింగుకు వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ‘స్త్రీ’ అని కొట్టి చూడండి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరు నొక్కులూ కుడి, ఎడమ, కుడి, ఎడమగా చేతులు మారుతూ సాగుతాయి. ఒక చెయ్యి కొడుతుంటే ఇంకో చేతికి ఊపిరి. కానీ ‘భాష’ అని కొడితే భ, ష రెండింటికీ షిఫ్ట్ నొక్కి పట్టాలి. ఒత్తక్షరాలు ఖ, ఘ, ధ, భ మొదలుకొని ణ, ళ, శ, ష దాకా చాలావాటికి ఇదే తంతు. షిఫ్ట్‌ను పట్టుకునేది అన్నిటికన్నా బలహీనమైన చిటికెన వేలు. స్విచ్‌లు సులువుగా మార్చుకోగల మెకానికల్ కీబోర్డు ఉంటే, ఆ రెండు షిఫ్ట్ కీల కింద మాత్రం తేలికపాటి స్ప్రింగు వేయించుకోవడం తెలుగు డీటీపీ పని చేసేవారికి అక్కరకొచ్చే మార్పు.

ఎంచుకోవడం ఎలా

దుకాణంలో స్విచ్‌ను ఒకసారి నొక్కి ‘బాగుంది’ అనుకుంటే సరిపోదు. పరిశోధకుడు డేవిడ్ రెంపెల్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో, చేతి బాధలున్న 20 మంది స్విచ్ నిర్మాణంలో తేడా ఉన్న రెండు రకాల కీబోర్డులను 12 వారాలు వాడారు. ఒక రకం వాడినవారికి నొప్పి తగ్గింది, కానీ ఆ తేడా ఆరో వారం తర్వాతే తేటతెల్లమైంది. చెయ్యి కొత్త స్విచ్‌ను నేర్చుకోవడానికి సమయం ఇవ్వాలి. సగం దారిలోనే ఆగడం అలవాటు కావడానికి గోధుమ రంగు స్విచ్ లాంటిది ఉపకరిస్తుంది. పక్కవారికి చప్పుడు ఇబ్బంది కాకపోతే నీలం ఇంకా స్పష్టంగా చెబుతుంది.

ఎత్తునూ మరవకూడదు. మెకానికల్ కీబోర్డులు చాలావరకు మందంగా ఉంటాయి. వెనక కాళ్లు కూడా లేపితే మణికట్టు పైకి వంగి సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ కాళ్లు మడిచేసి, కుర్చీ ఎత్తు సరిచేసుకుని, మధ్యమధ్యలో చేతులు ఒడిలో పెట్టుకుంటే మంచి స్విచ్‌కు తగిన ఫలితం దక్కుతుంది. తిమ్మిరి రాత్రుళ్లూ వదలకపోతే మాత్రం కీబోర్డు మార్చి ఊరుకోక వైద్యుడికి చూపించాలి.

మన దగ్గర రోజంతా టైపు చేసేది డీటీపీ ఆపరేటర్లు, కోర్టు టైపిస్టులు, డేటా ఎంట్రీ చేసేవారు. వాళ్ల ముందు కనిపించేది తరచూ కంప్యూటరుతో పాటు వచ్చిన అతి చవక రబ్బరు కీబోర్డే. కుర్చీ గురించి, తెర వెలుతురు గురించి ఇప్పుడిప్పుడే ఆలోచిస్తున్న కార్యాలయాలు కీ కింద ఏముందో కూడా అడగాలి. ఎన్ని గ్రాములకు దిగుతుంది, ఎంత లోతులో అక్షరం పడుతుంది, పడిందని వేలికి ఎలా తెలుస్తుంది అన్న మూడు ప్రశ్నలు కొనుగోలు పత్రంలో చేరాలి. వేళ్లను నమ్ముకుని బతికేవారికి ఇది విలాసం కాదు, పనిముట్టు విషయంలో వారికి ఉండాల్సిన హక్కు.